బరువు మోసే బీమ్: కంపనాన్ని దేనితో కొలవాలి, దేనితో అణచాలి

బీమ్ ఊగుతోందనగానే ఎవరైనా అడిగేవి రెండు. ఏ సెన్సర్‌తో కొలవాలి? ఏ డ్యాంపర్ (ఊపుని అణచే పరికరం) బిగించాలి? ఈ రెండింటినీ విడివిడిగా తేల్చుకోబోతే డబ్బూ సమయమూ దండగ. ఏ డ్యాంపర్ పనికొస్తుందో చెప్పేవి మూడే అంకెలు: బరువుతో ఉన్నప్పటి సహజ పౌనఃపున్యం (వదిలేస్తే బీమ్ సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ ఫ్రీక్వెన్సీ), బీమ్‌కి స్వతహాగా ఉన్న డ్యాంపింగ్ (ఊపు దానంతటదే తగ్గే గుణం), ఆ ఊపులో నిజంగా పాలుపంచుకుంటున్న ద్రవ్యరాశి. ఈ మూడింటినీ రాబట్టగలిగితే పరికరం చవకదైనా చాలు. రాబట్టలేకపోతే ఎంత ఖరీదైనదైనా అలంకారమే. వీటికి తోడు ఏ పరికరమూ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ బరువు ఎప్పుడూ ఒకేలా ఉంటుందా, మారుతూ ఉంటుందా? ఎంపికంతా చివరికి దీని చుట్టూనే తిరుగుతుంది.

పోల్చి చూడటానికి వీలుగా ఒకే బీమ్ పెట్టుకుందాం. 600 మి.మీ. పొడవు, 25 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం ఉన్న స్టీల్ పట్టీ. ఒక చివర గట్టిగా బిగించాం, రెండో చివర గాల్లో ఉంది, అంటే కాంటిలీవర్. పట్టీ సొంత బరువు సుమారు 0.7 కిలోలు. లెక్క ప్రకారం ఖాళీగా ఉన్నప్పుడు మొదటి మోడ్ (బీమ్ ఊగే ఆకారాల్లో అన్నిటికంటే నెమ్మదైనది) 13.6 హెర్ట్జ్, రెండోది 85 హెర్ట్జ్. కొసన అర కిలో బరువు బిగించగానే మొదటిది 6.9కి పడిపోతుంది.

రెండో మోడ్ కథ వేరు. సైజులో చిన్నదైన బరువును కొసన ఎంత పెంచుకుంటూ పోయినా అది 60 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఎందుకంటే బరువు పెరిగేకొద్దీ ఆ మోడ్‌లో కొస కదలడం మానేసి, అక్కడ ఆధారం పెట్టినట్టు నిలబడిపోతుంది. ఊగేది నడుమ భాగమే. రెండో మోడ్‌తో బాధపడుతున్నవాళ్లు డ్యాంపర్‌ని అలవాటుగా కొసన బిగించి, ఏమీ మారలేదని తల పట్టుకునేది ఇక్కడే. దాన్ని నడిమికి కాస్త అవతల, బరువు వైపు పెట్టాలి.

కాబట్టి ఖాళీ బీమ్‌ని కొలిచి బరువు సంగతి తర్వాత చూసుకుందాం అనుకోవద్దు. అంచనాకి సూత్రం ఉంది: కాంటిలీవర్ కొసన బరువుంటే, ఆ బరువుకి బీమ్ సొంత బరువులో దాదాపు పావు వంతు కలపాలి. రెండు చివరలా ఆనించిన బీమ్ నడుమ బరువుంటే దాదాపు సగం కలపాలి. ఇది అంచనా వరకే. నిజంలో ఏ బిగింపూ నూటికి నూరు పాళ్లు గట్టిగా ఉండదు, అందుకే కొలిచిన అంకె సాధారణంగా లెక్క కంటే తక్కువే వస్తుంది. బరువు వదులుగా బిగిస్తే అది బీమ్‌తో పాటు కదలక సొంతంగా ఊగుతుంది. దారంతో వేలాడదీస్తే లోలకమే అవుతుంది. నిలువుగా కాకుండా పొడవునా నొక్కే భారం పడుతుంటే ఫ్రీక్వెన్సీ ఇంకా తగ్గుతుంది. రెండు చివరలా ఆనించిన బీమ్‌లో, బీమ్ పక్కకి వంగిపోయే బక్లింగ్ భారంలో సగం నొక్కుడు ఉన్నప్పుడు మొదటి ఫ్రీక్వెన్సీ 0.71 వంతే మిగులుతుంది. ఇవన్నీ బరువుతో కొలిస్తేనే బయటపడతాయి.

బీమ్‌ని ఊపడం: చేయి, సుత్తి, షేకర్

కొసని వేలితో లాగి వదలడం అన్నిటికంటే చవక. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, మొదటి మోడ్ ఒక్కటే కావాలంటే దీన్ని మించింది లేదు. కొసని లాగినప్పుడు బీమ్ వంగే ఆకారం మొదటి మోడ్ ఆకారానికి చాలా దగ్గర. అందువల్ల మిగతా మోడ్‌లు పెద్దగా లేవవు, రికార్డులో శుభ్రమైన తరంగం పడుతుంది. పై మోడ్‌లు కావాలంటే మాత్రం ఇది పనికిరాదు.

ఇంపాక్ట్ హ్యామర్ అంటే తలలో ఫోర్స్ సెన్సర్ ఉన్న సుత్తి. ఎంత బలంతో కొట్టామో, బీమ్ ఎంత స్పందించిందో రెండూ తెలుస్తాయి కాబట్టి మోడ్‌లన్నీ ఒకే దెబ్బలో దొరుకుతాయి. మొన మెత్తనిదైతే శక్తి తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పోగవుతుంది. స్టీల్ మొన పై దాకా లేపుతుంది. మన 6.9 హెర్ట్జ్ బీమ్‌కి రబ్బరు మొన చాలు, స్టీల్ మొనతో కొడితే కావలసిన చోట శక్తి చాలక గ్రాఫ్ గజిబిజిగా వస్తుంది. ఇందులో రెండు తంటాలున్నాయి. ఒకటి డబుల్ హిట్. తేలిక బీమ్ వెనక్కి వచ్చి సుత్తిని ఇంకోసారి తాకుతుంది, ఆ రీడింగ్ పారేయాల్సిందే. రెండోది కొట్టే చోటు. నోడ్ (ఒక మోడ్‌లో కదలని బిందువు) మీద కొడితే ఆ మోడ్ అసలు లేవదు. ఖాళీ కాంటిలీవర్‌లో రెండో మోడ్‌కి నోడ్ బిగింపు నుంచి 78 శాతం పొడవు దగ్గరుంటుంది. రెండు చివరలా ఆనించిన బీమ్‌లో సరిగ్గా నడుమ ఉంటుంది. అందరి చెయ్యీ ముందు వెళ్లేది ఆ నడిమికే!

షేకర్ ఖరీదైన దారి. ఒక్కో ఫ్రీక్వెన్సీలో నిలకడగా ఊపుతూ పైకి వెళ్లొచ్చు. ఊపు పెరిగితే ఫ్రీక్వెన్సీ జరుగుతుందా, బోల్టులు సడలుతున్నాయా లాంటివి తెలుసుకోవాలంటే ఇదే సరైనది. కానీ దాని కదిలే భాగం కూడా బీమ్‌కి తగిలించిన బరువే. మన పట్టీ లాంటి సన్న బీమ్‌కి షేకర్ తగిలిస్తే కొలిచేది బీమ్‌నా, బీమ్-షేకర్ జంటనా అన్నది సందేహమే. పెద్ద బరువు మోసే భారీ బీమ్‌లకైతే ఆ బెడద లేదు.

నా సలహా: మొదటి మోడ్ సమస్యకి చెయ్యి, రెండు మూడు మోడ్‌లు కావాలంటే సుత్తి. నాన్‌లీనియర్ (ఊపు సైజుని బట్టి ఫ్రీక్వెన్సీ మారే) అనుమానం ఉంటే తప్ప షేకర్ జోలికి వెళ్లనక్కర్లేదు.

సెన్సర్ కూడా బరువే

25 గ్రాముల ఆక్సిలరోమీటర్ (త్వరణాన్ని కొలిచే సెన్సర్) చిన్నదే అనిపిస్తుంది. ఖాళీ పట్టీ కొసన అంటిస్తే 13.6 హెర్ట్జ్ కాస్తా 12.7 అవుతుంది, దాదాపు 7 శాతం తేడా. అదే సెన్సర్‌ని అర కిలో బరువున్న కొసన అంటిస్తే తేడా 2 శాతం లోపే. బరువుతో కొలవడంలో ఇదొక కలిసొచ్చే అంశం.

ఫోన్‌లో ఉన్న ఆక్సిలరోమీటర్‌తో కొలిచేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. తప్పేం లేదు, పరిమితులు తెలిస్తే చాలు. సెకనుకి 100 శాంపిళ్లు తీసుకునే ఫోన్ 50 హెర్ట్జ్ పైన ఏమీ చూడలేదు. పైగా 85 హెర్ట్జ్ కంపనం వడపోత లేకుండా లోపలికొస్తే 15 హెర్ట్జ్ దగ్గర దొంగ శిఖరంలా కనిపిస్తుంది. బరువు సంగతి ఇంకా ముఖ్యం. 180 గ్రాముల ఫోన్‌ని మన బీమ్ కొసన కడితే 6.9 హెర్ట్జ్ 6.1కి దిగిపోతుంది. దాన్ని కొసన కాకుండా బిగింపు నుంచి మూడో వంతు దూరంలో కట్టండి. అక్కడ కదలిక కొసలో దాదాపు ఏడో వంతే. బరువు ప్రభావం మాత్రం కదలిక వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, కొస దగ్గరున్న ప్రభావంలో అది నలభై అయిదో వంతుకి పడిపోతుంది. అంటే 180 గ్రాములు కాస్తా కొసన 4 గ్రాములు పెట్టినట్టే. సిగ్నల్ చిన్నదవుతుంది గానీ నిజం చెబుతుంది.

స్ట్రెయిన్ గేజ్, అంటే ఉపరితలం ఎంత సాగిందో చెప్పే పలుచని సెన్సర్, నాకిష్టమైన మధ్యేమార్గం. బరువు లేనట్టే లెక్క. కాంటిలీవర్‌లో మొదటి మోడ్‌కి వంపు ఒత్తిడి అత్యధికంగా ఉండేది బిగింపు పక్కనే, గేజ్ అంటించాల్సిందీ అక్కడే. అంటించడానికి మాత్రం చేతిపని కావాలి. ఉపరితలం సరిగ్గా రుద్ది శుభ్రం చేయకపోతే గేజ్ కాక జిగురు సాగుతుంది. నిలిచి ఉన్న వంపు కూడా ఇదే చెబుతుంది కాబట్టి బరువు మారుతోందా లేదా అన్నది కూడా అదే తీగ మీద తెలిసిపోతుంది.

లేజర్ వైబ్రోమీటర్ బీమ్‌ని ముట్టుకోదు. ధర భరించగలిగితే తిరుగులేనిది. కాకపోతే స్టాండు అదే నేల మీద ఉంటే నేల కదలిక కూడా కలిసిపోతుంది. మైక్రోఫోన్ 20 హెర్ట్జ్ లోపు నమ్మదగ్గది కాదు, కాబట్టి మన పనికి రాదు. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరా మాత్రం అనుకున్నదానికంటే మెరుగు. 6.9 హెర్ట్జ్ దగ్గర ఒక్కో ఊపుకి దాదాపు 35 ఫ్రేములు వస్తాయి, బీమ్ మీద గ్రాము బరువు పడదు. ఊపు కంటికి కనిపించేంత ఉండాలి, అంతే.

రికార్డు ఎంతసేపు?

పరికరం మీద పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెడితే బాగుండేది. స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత ఊపుందో చూపే గ్రాఫ్‌లో) రెండు గీతల మధ్య దూరం రికార్డు కాలాన్ని బట్టే ఉంటుంది. 4 సెకన్లు తీస్తే 0.25 హెర్ట్జ్, 20 సెకన్లు తీస్తే 0.05 హెర్ట్జ్. శాంపిళ్ల వేగం ఎంత పెంచినా ఇది మారదు.

డ్యాంపింగ్ దగ్గర ఇది ఇంకా పీకల మీదకొస్తుంది. శిఖరం వెడల్పు చూసి డ్యాంపింగ్ చెప్పే పద్ధతి పుస్తకాల్లో ముందు వరసలో ఉంటుంది. మన బీమ్ డ్యాంపింగ్ నిష్పత్తి (అసలు ఊగకుండా ఆపేంత డ్యాంపింగ్‌లో ఇది ఎన్నో వంతో ఆ లెక్క) 0.2 శాతం అనుకోండి. అప్పుడు ఆ శిఖరం వెడల్పు 0.03 హెర్ట్జ్ కూడా ఉండదు. దాన్ని సరిగ్గా కొలవాలంటే రికార్డు నిమిషాల తరబడి సాగాలి. అన్నిసేపు బీమ్ ఊగుతూ కూర్చోదు. పైగా సుత్తి పరీక్షలో సాఫ్ట్‌వేర్ వేసే ఎక్స్‌పొనెన్షియల్ విండో (రికార్డు చివరని బలవంతంగా సన్నగిల్లజేసే లెక్క) లేని డ్యాంపింగ్‌ని కలిపి చూపిస్తుంది. ఇలాంటి తేలిక డ్యాంపింగ్‌కి ఊపు ఎలా సన్నగిల్లుతోందో చూసే పద్ధతే మేలు. కొసని లాగి వదిలి, ఊపు సగమవడానికి ఎన్ని సార్లు ఊగిందో లెక్కపెట్టండి. 0.11ని ఆ లెక్కతో భాగిస్తే నిష్పత్తి వచ్చేస్తుంది. 55 ఊపులు పడితే 0.2 శాతం, అంటే మన బీమ్‌కి 8 సెకన్ల పని. డ్యాంపింగ్ 2, 3 శాతం దాటాక మాత్రం శిఖరం వెడల్పు పద్ధతి హాయిగా పనిచేస్తుంది.

మూడో అంకె, ఊపులో పాలుపంచుకునే ద్రవ్యరాశి. దీన్ని చాలామంది కొలవరు, లెక్కతో సరిపెడతారు. కొలవడం తేలికే: తెలిసిన చిన్న బరువు కొసన కలిపి మళ్లీ ఫ్రీక్వెన్సీ చూడండి. 100 గ్రాములు కలిపితే మన బీమ్ 6.89 నుంచి 6.43కి వస్తుంది. మొదటి అంకెని రెండోదానితో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసేసి, వచ్చినదానితో కలిపిన బరువుని భాగించాలి. సుమారు 0.67 కిలోలు. రెండో రీడింగ్ 0.05 హెర్ట్జ్ తప్పి 6.48 అని పడితే జవాబు 0.77 అవుతుంది! అందుకే రెండు సార్లూ పొడుగాటి రికార్డు తీయాలి, లేదా వంద ఊపుల కాలం కొలిచి భాగించాలి.

అణచడానికి దారులు

ముందు అసలు అనునాదమేనా (బయటి ఊపు బీమ్ సహజ పౌనఃపున్యంతో కలుస్తోందా) అని తేల్చుకోండి. బీమ్ మీదో పక్కనో తిరిగే యంత్రం ఉంటే దాని వేగాన్ని (నిమిషానికి చుట్లు, అంటే ఆర్పీఎం) 60తో భాగించండి. 420 ఆర్పీఎం అంటే 7 హెర్ట్జ్, మన 6.9కి ఆనుకునే ఉంది. కరెంటు తీసేశాక వేగం తగ్గుతుండగా ఊపు ఒక చోట ఎగిసి పడిపోతే అనునాదమే. వేగంతో పాటు నెమ్మదిగా తగ్గుతూ పోతే అది యంత్రంలోని అసమతుల్యం. అక్కడ డ్యాంపింగ్ పెంచడం వల్ల ఒరిగేదేమీ ఉండదు, బ్యాలెన్సింగ్ చేయించడమే దారి.

అనునాదమే అయితే మొదటి దారి ఫ్రీక్వెన్సీని పక్కకి జరపడం. కనీసం 20 శాతం దూరం ఉంచడం మంచి అలవాటు. ఖాళీ బీమ్ విషయంలో మందం రెట్టింపు చేస్తే ఫ్రీక్వెన్సీ రెట్టింపే అవుతుంది, ఎందుకంటే గట్టిదనంతో పాటు బరువూ పెరుగుతుంది. పెద్ద బరువు మోసే బీమ్‌లో మందం రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ దాదాపు 2.8 రెట్లవుతుంది. మోసే బరువు మారదు, గట్టిదనం ఒక్కటే ఎనిమిది రెట్లవుతుంది కదా. మరోవైపు స్టీల్ తీసి అల్యూమినియం వేస్తే ఖాళీ బీమ్‌లో దాదాపు ఏ మార్పూ ఉండదు, రెండు లోహాలకీ గట్టిదనం-సాంద్రత నిష్పత్తి ఒకటే. బరువు మోసేటప్పుడు మాత్రం ఫ్రీక్వెన్సీ 0.6 వంతుకి పడిపోవచ్చు. తేలికగా ఉంటుందని లోహం మార్చేవాళ్లు ఇది చూసుకోవాలి. వీలైతే మందం, పొడవు, ఆధారం మార్చడమే అన్నిటికంటే నిక్కచ్చి పరిష్కారం. అరిగేది లేదు, ట్యూన్ చేసేది లేదు.

జరపడం కుదరకపోతే ట్యూన్డ్ మాస్ డ్యాంపర్. బీమ్ మీద ఒక చిన్న స్ప్రింగు, దాని మీద చిన్న బరువు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్ 1909లో పేటెంటుకి దరఖాస్తు చేసిన ఆలోచన ఇది, దీని సిద్ధాంతాన్ని 1928లో ఆర్మండ్‌రాయిడ్, డెన్ హార్టాగ్ రాశారు. ఇందులో రెండు రకాలు, వాటిని కలగలిపేయకూడదు.

డ్యాంపింగ్ లేని రకం ఒకే ఒక్క వేగం కోసం. ఆ వేగం దగ్గర బీమ్‌ని దాదాపు నిలబెట్టేస్తుంది, కానీ పాత శిఖరాన్ని రెండుగా చీలుస్తుంది. ఊపులో పాలుపంచుకునే ద్రవ్యరాశిలో 10 శాతం బరువుతో చేస్తే మన బీమ్‌కి అవి 5.9, 8.1 హెర్ట్జ్ దగ్గర లేస్తాయి. యంత్రం ఎప్పుడూ ఖచ్చితంగా 420 దగ్గరే తిరుగుతుందన్న నమ్మకం ఉంటే ఇది అద్భుతం. స్టార్ట్ అయ్యేటప్పుడు 5.9ని దాటాలని మాత్రం గుర్తుంచుకోవాలి. వేగం అటూ ఇటూ పోయే యంత్రానికి ఇది కొత్త తలనొప్పి.

డ్యాంపింగ్ ఉన్న రకం ఎక్కువ సందర్భాల్లో సురక్షితం. ఇప్పుడు ఆ 0.67 కిలోలు పనికొస్తాయి. పది శాతం అంటే 67 గ్రాములు. డ్యాంపర్‌ని బీమ్ ఫ్రీక్వెన్సీకి సమానంగా కాకుండా, దాన్ని 1.1తో భాగించగా వచ్చే 6.3 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలి. దాని సొంత డ్యాంపింగ్ 18 శాతం దగ్గర ఉండాలి. అప్పుడు నిశ్చల వంపుకి (అదే బలం నిలకడగా పడితే వచ్చే వంపుకి) 250 రెట్లు ఊగే బీమ్ 4.6 రెట్లకి దిగుతుంది. 5 శాతం బరువుతోనూ 6.4 రెట్లకి వస్తుంది. అంటే బరువు సగం చేసినా నష్టం కొద్దిదే. కాబట్టి 5 శాతంతో మొదలుపెట్టడం నాకు సబబనిపిస్తుంది, ట్యూనింగ్ తప్పులకి ఓర్పు కావాలంటే 10కి వెళ్లొచ్చు.

దీని బలహీనత ఒక్కటే, కానీ పెద్దది. కొసనున్న అర కిలో ఎప్పుడైనా 300 గ్రాములైతే బీమ్ 8.2 హెర్ట్జ్‌కి వెళ్లిపోతుంది. 6.3కి ట్యూన్ చేసిన డ్యాంపర్ అక్కడ దాదాపు వృథా. బరువు మారుతూ ఉండే చోట దీన్ని కొనకండి.

అలాంటి చోట కన్‌స్ట్రెయిన్డ్ లేయర్ డ్యాంపింగ్ చూడాలి. బీమ్ మీద రబ్బరు లాంటి విస్కోఎలాస్టిక్ పొర, దాని పైన సన్నని లోహపు రేకు. బీమ్ వంగినప్పుడు మధ్య పొర పక్కలకి జారినట్టు సాగి (షియర్) శక్తిని వేడిగా మార్చేస్తుంది. ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసే పని లేదు, బరువు మారినా పనిచేస్తుంది, పై మోడ్‌లనీ పట్టుకుంటుంది. పైన రేకు లేకుండా ఊరికే రబ్బరు అంటిస్తే చాలా మందంగా వేస్తే తప్ప ఫలితం ఉండదు, కాబట్టి రేకు దగ్గర పొదుపు వద్దు. కాంటిలీవర్ మొదటి మోడ్‌కి బిగింపు వైపు సగంలో వేయాలి. కొసన వేస్తే బీమ్‌కి బరువు పెరగడం తప్ప ఒరిగేది తక్కువ. చల్లని చోట పొర గట్టిపడుతుంది, వేడిలో మెత్తబడుతుంది. రెండు వైపులా పనితనం పడిపోతుంది కాబట్టి మీ చోటి ఉష్ణోగ్రతకి సరిపోయే పదార్థమే అడగాలి. ఒక మోడ్ మీద ట్యూన్డ్ డ్యాంపర్ ఇచ్చేంత తగ్గుదల దీనితో రావడం కష్టం.

పక్కన కదలని గోడో స్తంభమో ఉంటే ఆయిల్ డ్యాంపర్‌ని దానికీ బీమ్‌కీ మధ్య బిగించడం ఈ రెండింటికంటే మొండి పరిష్కారం. బరువు మారినా ఫర్వాలేదు. అలాంటి ఆధారం దొరకడమే అరుదు. బోలు బీమ్ లోపల ఇసుక నింపడం చవక పని. ఊపు పెద్దగా ఉన్నప్పుడు రాపిడితో శక్తి తింటుంది, చిన్న ఊపుల దగ్గర ఊరికే బరువుగా మిగిలిపోతుంది.

ఒక్కటే ఎంచుకోవాలని కూడా రూలేమీ లేదు. లండన్ మిలీనియం వంతెన 2000 జూన్‌లో తెరిచిన రెండు రోజులకే పక్కవాటు ఊపు వల్ల మూతపడింది. దాని మీద నడిచే జనమే మారే బరువు. 37 విస్కస్ (ద్రవంతో పనిచేసే) డ్యాంపర్లు, 50కి పైగా ట్యూన్డ్ మాస్ డ్యాంపర్లు కలిపి బిగించి 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు.

బిగించాక సర్దుబాటు

ట్యూన్డ్ డ్యాంపర్ తొలిసారే సరిగ్గా కూర్చోదు. మళ్లీ అదే సెన్సర్‌తో, అదే చోట, అదే బరువుతో కొలవండి. ఒక శిఖరం స్థానంలో ఇప్పుడు రెండు పొట్టి గుట్టలు కనిపించాలి, ఎత్తు దాదాపు సమానంగా. ఎడమ గుట్ట ఎత్తుగా ఉంటే డ్యాంపర్ ఫ్రీక్వెన్సీ ఎక్కువైందని. దాని బరువుని స్ప్రింగు పట్టీ కొసవైపు కాస్త జరిపి తగ్గించండి. కుడి గుట్ట ఎత్తైతే లోపలికి జరపండి. రెండూ పొడుగ్గా ఉండి మధ్యలో లోతైన లోయ ఉంటే డ్యాంపింగ్ చాలలేదు. గుట్టలు రెండూ కలిసిపోయి మళ్లీ ఒక్కటే ఎత్తుగా నిలబడితే డ్యాంపింగ్ మరీ ఎక్కువై, డ్యాంపర్ బీమ్‌కి అతుక్కుపోయినట్టు దానితో పాటే ఊగుతోంది. అప్పుడు మెత్తని రబ్బరు వేయాలి, లేదా నూనె పలచన చేయాలి. బరువు స్థానం ఒక్కోసారి కొన్ని మి.మీ. మాత్రమే జరిపి, ప్రతిసారీ బోల్టు పూర్తిగా బిగించాకే మళ్లీ కొలవండి.